ఎవరి స్కోరు వారి జేబులో

ఖండమంతటా రగ్బీ ఎలా పాకిందో చెబుతూ ఒక పెద్ద పుస్తకం వేస్తున్నారు. ఓడల వాళ్ల కాలక్షేపంగా రేవుల్లో మొదలై, రైలు పట్టాల వెంట లోపలి ఊళ్లకు వచ్చిన ఆటట. మా దేశంలో మొదటి మ్యాచ్ ఆడినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఒకరు ఒక జట్టు కెప్టెన్, మా మామగారు. రెండోవారు ఎదుటి జట్టు కెప్టెన్, ఆటలో పడ్డ పేరుతో ఇప్పటికీ అందరికీ బుల్డోజర్ గారు. ఇద్దరూ ఒకే స్కోరు మీద సంతకం పెడితేనే ఆ మ్యాచ్ పుస్తకంలోకి ఎక్కుతుంది. లేదంటే నాలుగేళ్ల తర్వాత ఇంకెక్కడో జరిగింది మొదటిదైపోతుంది. పుస్తకం ఆఫీసు వాళ్లు పంపిన కాగితానికి ఆ రోజు సాయంత్రం ఐదింటికి గడువు.

పదకొండింటికి బుల్డోజర్ గారు చేతికర్రతో వచ్చారు. పదకొండుంపావుకు గొడవ మొదలైంది.

"పది, తొమ్మిది. గెలిచింది మేం," అన్నారు మామగారు.

"నీ మొహం! తొమ్మిది, ఎనిమిది. గెలిచింది మేం."

"పెళ్లిరోజు గుర్తుండదు గానీ ఇది మాత్రం గుర్తుంటుంది," వంటింట్లోంచి అత్తగారు.

భోజనం దగ్గర మామగారు అన్నం కెలికి వదిలేశారు. "మా పదిహేనుమందిలో నేనొక్కణ్ణే ఉన్నానమ్మా. ఈ కాగితం వెళ్లకపోతే వాళ్లు అసలు ఆడనట్టే," అన్నారు నెమ్మదిగా.

చరిత్రలో నాకున్న డిగ్రీతో ఇన్నాళ్లకు ఈ ఇంట్లో పని పడింది. ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, "అంకెలొద్దు, ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. పొల్లు పోకుండా ఒకటే చెప్పారు. మామగారి జట్టు రెండుసార్లు బంతిని గీత దాటించి నేలకు ఆనించింది. అంటే రెండు ట్రైలు. ఒకదాని తర్వాత కన్వర్షన్, అంటే అదనంగా రెండు పాయింట్లిచ్చే కిక్కు కూడా పడింది. బుల్డోజర్ గారి జట్టు ఒక్కోటి మూడు పాయింట్ల చొప్పున మూడు పెనాల్టీలు కొట్టింది.

"ట్రైకి ఎన్ని పాయింట్లు?"

"నాలుగు," అన్నారు మామగారు.

"మూడు," పక్క గదిలోంచి బుల్డోజర్ గారు.

పాత రూల్ పుస్తకంలో మూడు, కొత్తదాంట్లో నాలుగు. ఆట ఖండమంతా పరుగెత్తింది గానీ రూల్ పుస్తకాలు దాని వెనక కుంటుతూ వచ్చేవి. ఒక జట్టుకు కొత్తది అందింది, ఇంకో జట్టుకు అందలేదు. రిఫరీగా నిలబడ్డ డాక్టరుగారు విజిల్ ఊదారంతే, లెక్క రాయలేదు. ఏ కెప్టెన్ స్కోరు ఆ కెప్టెన్ జేబులో.

ఇద్దరినీ మళ్లీ ఒకచోట కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను.

"అప్పటికి చెల్లేది కొత్త పుస్తకమే. నువ్వే గెలిచావురా," అన్నారు బుల్డోజర్ గారు.

"మీ మైదానం, మీ బంతి. మీ పుస్తకమే లెక్క. గెలిచింది మీరే."

"మొహమాటానికి గెలిపించకు!"

"నీ దానధర్మాలు నాకక్కర్లేదు!"

"ఇందాకటి గొడవే నయం," అన్నారు అత్తగారు.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. స్కోరు గడిలో నేనే రాసేశాను: "ఒకరు రెండు ట్రైలు, ఒక కన్వర్షన్. ఒకరు మూడు పెనాల్టీలు. ఏ పుస్తకం ప్రకారం కూడుకోవాలో చదివేవారి ఇష్టం." ఇద్దరూ రెండేసిసార్లు చదివి సంతకాలు పెట్టారు. ఫొటో తీసి పంపాను.

పది నిమిషాల్లో ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు.

"గెలిచిందెవరో రాయలేదేంటి మేడమ్?"

"తప్పకుండా రాయాలా?"

"సంతకాలు రెండూ ఉన్నాయిగా, సరిపోతుందిలెండి. ఆటగాళ్ల పేర్లు చెబితే ఎక్కించుకుంటాను."

మామగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. లేచి నిలబడి, ఒక్కో పేరూ ఆగి ఆగి చెప్పసాగారు. ఏడో పేరు సగంలోనే ఆగిపోయింది. ఆ పేరు బుల్డోజర్ గారు అందించారు.