అమావాస్య నాటి సంతకం

ఆఫీసులో ఆయన్ని అందరూ మెత్తనయ్య అనేవాళ్ళు. అసలు పేరు వేరే ఉంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా పనికొచ్చేది కాదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి ఆయన పెద్ద. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు, ఇరుక్కుని బయటపడ్డవాళ్ళు, ఇరుక్కుంటామేమోనని ముందే భయపడేవాళ్ళు పొద్దున తొమ్మిదింటి నుంచీ ఫోను చేసి తిట్టిపోస్తుంటే, "అవునండీ, తప్పు మాదేనండీ" అంటూ పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాడు. ఆ ముక్క రోజుకి నలభైసార్లయినా అనేవాడు. నోట్లో నాలుక లేని మనిషని పైవాళ్ళు తెగ మెచ్చుకునేవాళ్ళు.

నెలకోసారి మాత్రం ఆ నోట్లో బారెడు నాలుకా, నాలుగు కోరపళ్ళూ ఉండేవి. పౌర్ణమి నాడు చంద్రుడు పైకొచ్చేసరికి మెత్తనయ్య తోడేలైపోయేవాడు. ఎందుకని అడక్కండి. కొందరికి పార్శ్వపు నొప్పి వస్తుంది, ఆయనకి ఇది వస్తుంది.

పెళ్ళయిన కొత్తలో భార్య హడలిపోయిన మాట నిజమే. మూడు నెలలు పోయాక అదీ ఇంటిపనుల్లో ఒకటైపోయింది. వెనక గదిలో పాత దుప్పటి పరిచి, గిన్నెతో నీళ్ళు పెట్టి, ఆయన్ని లోపలికి పంపి బయట గడియ వేసేది. తెల్లారాక తలుపు తీసి, ఆయన చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసి, "ఎవరినైనా ఏమైనా చేశారా?" అని అడిగేది. గదిలో పెట్టి గడియ వేసినవాడు ఎవరిని ఏం చేస్తాడు? అయినా అడగడం ఆవిడ పద్ధతి, "లేదు" అనడం ఆయన పద్ధతి. పదకొండేళ్ళలో ఆ తోడేలు చేసిన ఘోరమల్లా ఒక జత చెప్పులూ, ఒక దిండూ.

ఇందులో కాస్త లాభం కూడా లేకపోలేదు. పౌర్ణమి నాడు పొద్దుటి నుంచే ఆయనకి ఎక్కడలేని తెగువ వచ్చేది. ఇంటి ఓనరుతో మాట్లాడాల్సినవీ, కుళాయివాణ్ణి నిలదీయాల్సినవీ భార్య నెలంతా దాచిపెట్టి ఆ పూటకి అప్పగించేది. ఆయన వెళ్ళి రెండు మాటల్లో తేల్చుకొచ్చేవాడు. ఆఫీసుకి మాత్రం ఆ రోజు సెలవు పెట్టేవాడు కాబట్టి, ఆ తెగువ పైవాళ్ళెవరి కంటా పడలేదు. అమావాస్యకి మళ్ళీ మామూలే. ఆ రోజు ఆయన కాలు ఎవరైనా తొక్కితే, అడ్డంగా పెట్టినందుకు తనే క్షమాపణ అడిగేవాడు.

ఆఫీసులో ఈ సంగతి తెలిసింది ఒక్క అక్కకే. రికార్డుల గది చూసుకునే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ అక్కా అనే పిలుస్తారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు, ఇంకో రెండేళ్ళు మిగిలింది. ఇంట్లో సంపాదన ఆవిడొక్కదానిదే. సెలవు చీటీలు భద్రపరిచేదీ ఆవిడే. మూడేళ్ళ కింద ఒకరోజు మెత్తనయ్య చీటీలన్నీ దొంతరగా ఆయన ముందు పెట్టింది.

"ఏడాదికి పన్నెండుసార్లు పళ్ళ డాక్టరా? నీకసలు ఎన్ని పళ్ళున్నాయి తమ్ముడూ?" అంది.

దొంగ దొరికిపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అక్క అంతా విని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"అంతేనా? నేనింకా ఎక్కడో రెండో కాపురం వెలగబెడుతున్నావేమో అనుకున్నా."

ఆ తర్వాత ఆయన చీటీలో కారణం ఆవిడే మార్చి మార్చి రాసిపెట్టేది.

ఇలా గుట్టుగా సాగుతున్న కాలంలో కొత్త డైరెక్టరు దిగాడు. వస్తూనే మీటింగు గదిలో గోడకి పెద్ద బొమ్మ తగిలించాడు. మంచులో అయిదు తోడేళ్ళు, పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాయి. కింద "ఆకలితో వేటాడు" అని రాసుంది. అవి పళ్ళు బయటపెట్టింది ఆకలికి కాదు, భయానికని మెత్తనయ్యకి చూడగానే తెలిసిపోయింది. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

"మీరు మంచివారేనండీ. కానీ మీలో తోడేలు లేదు," అనేవాడు డైరెక్టరు, వారానికోసారి ఆయన భుజం తట్టి.

"అవునండీ," అనేవాడు మెత్తనయ్య.

గత పౌర్ణమికి డైరెక్టరు సెలవులన్నీ రద్దుచేసి, సాయంత్రం నాలుగింటికి మీటింగు పెట్టాడు. అయిదున్నరకి అయిపోవాల్సింది ఆరున్నరకీ అవలేదు. పొద్దున ఉన్న తెగువంతా, బయట వెలుతురు తగ్గేకొద్దీ, ఇంటికెలా చేరాలన్న దిగులుగా మారింది. టేబులు కింద గోళ్ళు మందమవుతున్నాయి, మెడ వెనక వెంట్రుకలు చొక్కా కాలరులో పట్టడం లేదు. మెత్తనయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. నిజం చెప్పాలంటే తోక కూడా అప్పుడప్పుడే వస్తోంది.

అంతలో తలుపు తోసుకుని అక్క వచ్చింది. ఫిర్యాదుల ఫైలొకటి అర్జంటుగా కావాలని అందరి ముందూ ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. రికార్డుల గదిలోకి నెట్టి, ఇనప తలుపు మూసి, బయట నుంచి తాళం వేసింది. ఆయన భార్యకి ఫోను చేసి చెప్పింది. కడుపునొప్పని ఇంటికి పోయాడని డైరెక్టరుకీ చెప్పింది. చెప్పి, పొద్దుటిదాకా ఆ తలుపు ముందు స్టూలు మీదే కూర్చుంది.

తెల్లారి తలుపు తీస్తే లోపల మెత్తనయ్య, ఆయన కింద ఒక పదకొండంతస్తుల భవనం తాలూకు తొమ్మిదేళ్ళ తనిఖీ కాగితాలూ ఉన్నాయి. తోడేలు ఎవరి మీదా కోపంతో చించలేదు పాపం. గచ్చు చల్లగా ఉంటే కింది అర లాగి, చించి, పక్క వేసుకుని, మూడు చుట్లు తిరిగి పడుకుంది. అక్క ఆ ముక్కలన్నీ ఎత్తి, రిజిస్టరులో "ఎలుకలు కొట్టినవి" అని రాసింది.

అదే కొంప ముంచింది. రిజిస్టరు చూసిన డైరెక్టరు ఎలుకల మందు పెట్టేవాణ్ణి పిలిపించాడు. వాడు ముక్కల్ని వెలుతురులో పెట్టి చూసి, "ఎలుక నోరు ఇంత ఉండదు సార్," అని తేల్చేశాడు. ఆ గది ఎత్తేసి అక్కని పంపించేద్దామని ముందు నుంచే చూస్తున్న డైరెక్టరుకి ఇంకేం కావాలి? రికార్డుల్లో చేసిన తప్పులు బయటపడకుండా ఆవిడే కావాలని చించి, రిజిస్టరులో అబద్ధం రాసిందన్నాడు. విచారణ రెండు వారాల తర్వాత పెట్టాడు. రికార్డుల గది ఫిర్యాదుల విభాగం కిందికే వస్తుంది కాబట్టి నివేదిక మీద మెత్తనయ్య సంతకం పడాలి. అది పడితే అక్క ఉద్యోగం పోయినట్టే.

విచారణకి ముందురోజు మెత్తనయ్య రికార్డుల గదికి వెళ్ళాడు.

"నేనే చించానని చెప్పేస్తానక్కా."

"ఎందుకు చించావంటే?"

"కోపమొచ్చిందని చెప్తా."

అక్క పకపకా నవ్వింది. "నీకు కోపమా? ఎవరు నమ్ముతారు?" నవ్వు ఆగిపోయాక కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "అయినా చెప్పి చూడు తమ్ముడూ," అంది. ఇరవయ్యారేళ్ళలో ఆవిడ ఎవరినైనా ఏమైనా అడగడం బహుశా అదే మొదలు. చెప్తానని ఆయన మాటిచ్చాడు.

తెల్లారి విచారణ. అమావాస్య.

మీటింగు గదిలో టేబులుకి ఇటు డైరెక్టరూ, మెత్తనయ్యా, అటు అక్క. గోడ మీద అయిదు తోడేళ్ళు.

"ఆ రాత్రి మీరు ఇక్కడే ఉన్నారని మీరే ఒప్పుకున్నారు. గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు డైరెక్టరు.

అక్క మెత్తనయ్య వైపు చూసింది, అంతే.

తప్పు మాదేనండీ. రోజుకి నలభైసార్లు, తనది కాని తప్పుకి, మొహం తెలియనివాళ్ళకి చెప్పిన మాటే. పదిహేనేళ్ళు చేసిన సాధన. తీరా తప్పు తనదైన రోజున ఆ మాట గొంతు దాటి రాలేదు. తన ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంటి అద్దె గుర్తొచ్చింది. చించినవాడు లోపల ఏం చేస్తున్నాడని అడుగుతారు, తాళం ఎందుకు వేశారని అడుగుతారు, అలా అడిగి అడిగి ఎక్కడిదాకా పోతారో! పౌర్ణమి నాడు అడిగుంటే చెప్పేసేవాణ్ణి కదా అని మనసులో తనకి తానే ఒక సెలవు చీటీ రాసుకున్నాడు. సిగ్గులేని మనసు దాన్ని అక్కడికక్కడే మంజూరు చేసేసింది.

"మీకేమైనా తెలుసా?" డైరెక్టరు ఆయన వైపు తిరిగాడు.

"నాకు తెలిసి... ఎవరూ లేరండీ," అన్నాడు మెత్తనయ్య.

కాగితం ఆయన ముందుకి జరిగింది. కలం సరిగ్గా రాయలేదు. రెండుసార్లు విదిలించి సంతకం పెట్టాడు.

డైరెక్టరు లేచి వచ్చి భుజం తట్టాడు. "ఇవాళ కనిపించిందండీ మీలో తోడేలు!" అన్నాడు మనస్ఫూర్తిగా.

సాయంత్రం అక్క తన డబ్బా, గొడుగూ, కుర్చీ మీది దిండూ సర్దుకుని ఫిర్యాదుల విభాగంలోకి వచ్చింది. పోనీ నాలుగు తిట్టినా బాగుండేది. రికార్డుల గది తాళంచెవి ఆయన టేబులు మీద పెట్టింది.

"వచ్చే పౌర్ణమికీ సాయంత్రం మీటింగే అట. ఉంచుకో, అవసరమవుతుంది," అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆ తాళం లోపలి నుంచి పడదు తమ్ముడూ. బయట నుంచి వేసేవాళ్ళని చూసుకో."

ఇంటికెళ్ళేసరికి భార్య కూరలు తరుగుతోంది. కాళ్ళు కడుక్కోమంది, అన్నం పెడతానంది, ఓనరు నీళ్ళ మోటారు బాగుచేయించలేదనీ, ఆ మాట పౌర్ణమికి గుర్తుచేస్తాననీ అంది. ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, అడగాల్సింది మాత్రం అడగడం లేదు.

"అడగవేం?" అన్నాడు చివరికి.

"ఏమని?"

"ఎవరినైనా ఏమైనా చేశానా అని."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. "ఇవాళ అమావాస్యండీ," అంది నవ్వుతూ.

"అయినా అడుగు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కత్తిపీట పక్కకి పెట్టి, అలవాటు చొప్పున ఆయన చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది. గోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. బొటనవేలికి మాత్రం కాస్త సిరా అంటుకుని ఉంది.

"ఎవరినైనా ఏమైనా చేశారా?" అని అడిగింది.

"చేశాను," అన్నాడు మెత్తనయ్య.