కోటేశ్వరి ఎక్కితేనే ఆగే ఏసీ

బుల్లయ్యగారి కారు నతానియేలు చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. పద్దెనిమిదేళ్లుగా గుంటూరు పక్క నల్లపాడులో కార్ల ఏసీలు బాగుచేస్తున్న మనిషి అతను. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఈ హైబ్రిడ్ బండ్లు వచ్చాక మళ్లీ బడిపిల్లాడిలా కూర్చుని పని నేర్చుకున్నాడు. స్కానరు కొన్నాడు. ముట్టుకుంటే ప్రాణం తీసేంత కరెంటు పారే నారింజ రంగు వైర్ల జోలికి పోయేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజులూ కొన్నాడు. ఇంతా చేసి ఒక్క కారు ముందు ఓడిపోతుంటే ఒళ్లు మండదా మరి.

చెప్పుకుంటే రోగం చాలా చిన్నది. బుల్లయ్యది వినుకొండ పక్క పల్లె. భార్య కోటేశ్వరికి ఉబ్బసం. ప్రతి గురువారం ఆమెను గుంటూరు డాక్టరుకి చూపించాలి. అసలే ఎండాకాలం, దారి పొడవునా మిరప కల్లాలు. అద్దాలు దించితే ఆ ఘాటుకి ఆమె గుక్క తిప్పుకోలేదు. అద్దాలు ఎత్తితే ఏసీ లేకుండా కూర్చోలేదు. ఆ ఏసీ కాస్తా బయల్దేరిన ఇరవై నిమిషాలకే ఆగిపోతుంది.

బాగుచేయించడానికి మాత్రం బుల్లయ్య ఒక్కడే వచ్చేవాడు. మెకానిక్ దగ్గరికి మురికి బండితో పోవడం ఆయన లెక్కలో మర్యాద కాదు. కారును కడిగి, తుడిచి, పెళ్లికి తెచ్చినట్టు తెచ్చి షాపు ముందు నిలబెట్టేవాడు. అప్పుడు చూడాలి ఆ ఏసీ బుద్ధిమంతతనం, మనిషిని గజగజ వణికించేది. పాత కార్లయితే కంప్రెసరు ఆగినప్పుడు టక్‌మని వినపడుతుంది. ఇది బ్యాటరీ కరెంటుతో తిరిగేది, తిరుగుతోందో ఆగిందో నోరు విప్పి చెప్పదు.

గ్యాసు ప్రెషరు హద్దు దాటిందని, అందుకే స్విచ్ ఏసీని ఆపేసిందని స్కానరులో రాసి ఉంది. గేజి పెట్టి చూస్తే ప్రెషరు నిక్షేపంగా ఉంది. అయితే స్విచ్చే అబద్ధం చెబుతోందని దాన్ని పీకి కొత్తది వేశాడు. గురువారం మళ్లీ ఆగింది. రెండోసారి వైర్లన్నీ వేలితో తడిమి తడిమి చూశాడు. మూడోసారి గ్యాసంతా తీసేసి, తూకం వేసి మళ్లీ నింపాడు. అయినా ఆగింది.

"అసలు నీకు పని వచ్చా, రాదా?" అని ఫోనులో కేకలేశాడు బుల్లయ్య. "నేనొక్కణ్ణే ఉంటే ఆగదు. మా ఆవిడ ఎక్కితేనే ఆగుద్ది. అదేందో చూడవయ్యా."

"మనిషిని చూసి ఆగటానికి అదేమన్నా అలిగిన అల్లుడా అండీ?" అన్నాడు నతానియేలు, పళ్లు నూరుకుంటూ.

అవతల ఫోను చేతులు మారింది. "నాయనా, నేను కోటేశ్వరిని," అందామె ఆయాసపడుతూ. "నువ్వేం బాధపడమాక. నేను కాలు పెడితేనే బండి మొరాయిస్తా ఉంటే దాని తప్పేముంది? నేనింక డాక్టరు దగ్గరికి రాను. ఉన్నన్నాళ్లు ఉంటా."

అంతసేపూ నతానియేలుకు కారు మీదా బుల్లయ్య మీదా ఉన్న కోపం తిన్నగా తన మీదికే తిరిగింది. ముసలామె తన ఊపిరిని వదిలేసుకుంటోంది, తనకు ఒక స్విచ్ సంగతి తేలక. "ఈ గురువారం నేనే వస్తానమ్మా," అన్నాడు. "నా మాట మీద ఒక్కసారి ఎక్కండి. ఈసారీ ఆగితే మీ ఇష్టం."

గురువారం తెల్లవారగానే రైలెక్కి వినుకొండలో దిగి, ఆటోలో వాళ్ల ఇంటికి వెళ్లాడు. కోటేశ్వరి అప్పటికే వెనక సీట్లో ఉంది, ఇష్టం లేని పెళ్లికి వచ్చినదానిలా. నతానియేలు ముందు సీట్లో వంగి, స్టీరింగు కింద స్కానరు తగిలిస్తున్నాడు. బయట బుల్లయ్య ఏదో సర్దుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి కారు తీశాడు.

స్కానరులో ప్రెషరు మొదట రెండు వందల యాభై చూపించింది. ఊరు దాటేసరికి మూడు వందలు. మొదటి కల్లాల దగ్గర మూడు వందల ఎనభై. ఇన్నాళ్లూ షాపులో కంటపడని దొంగ ఇప్పుడు కళ్లెదుటే మెట్లెక్కుతున్నాడు. నాలుగు వందల ముప్పై దగ్గర ఏసీ ఆగింది. వెనక కోటేశ్వరి దగ్గడం మొదలుపెట్టింది.

"ఆపండి," అన్నాడు నతానియేలు.

దిగి కారు ముందుకు వెళ్లాడు. చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ముందు జాలీకి అడ్డంగా, నాలుగు మడతలు పెట్టిన తడి నేతచీర బిగించి కట్టి ఉంది.

"ఇదేందండీ?"

"కల్లాల ఘాటు లోపలికి రాకుండా కట్టా," అన్నాడు బుల్లయ్య, అదో పెద్ద విషయమా అన్నట్టు. "ఆవిడ ఎక్కినప్పుడల్లా కడతా. నాకెందుకులే, నేను తట్టుకుంటా."

"ఈ ముక్క ఒక్కనాడన్నా నాకు చెప్పారా?"

"చీర సంగతి నీకెందుకయ్యా? నువ్వు చూసేది ఏసీ గదా."

నతానియేలు చీర ముడులు విప్పి పారేశాడు. "మీ ముక్కూ నోరూ కట్టేసి పరిగెత్తమంటే పరిగెత్తుతారా? ఈ జాలీ వెనక గ్యాసును చల్లార్చే రేకులున్నాయి, వాటికి గాలి తగలాల. తగలకపోతే గ్యాసు ప్రెషరు పెరిగి పైపు పగులుద్ది. అది పగలకుండా పాపం స్విచ్ ఆపేస్తా ఉంది. నిజం చెప్పే స్విచ్చిని పీకి పారేశాను నేను. లోపలికి గాలి ఇటునుంచి రానే రాదండీ, ముందు అద్దం కింద నుంచి వస్తది. లోపలున్న బటన్ నొక్కితే అదీ రాదు."

ఎక్కి కూర్చుని ఆ బటన్ నొక్కాడు. కారు కదిలింది. ప్రెషరు దిగింది, చల్లగాలి వచ్చింది. ఎర్రటి కల్లాలు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి పోయాయి. నరసరావుపేట దగ్గరికి వచ్చినా గాలి ఆగలేదు. కోటేశ్వరి దగ్గు తగ్గి, సీటులో వెనక్కి వాలింది.

"ఆయన్ని ఏమనమాక నాయనా," అంది. "నేనంటే అంత ప్రాణం ఆయనకి. పోయిన వారం నాకు ఊపిరాడక గుడ్లు తేలేస్తే, బండాపి, ఎండలో దిగి, ఆ చీరని మళ్లీ తడిపి ఇంకా బిగించి కట్టాడు."

బుల్లయ్య కారు పక్కకు తీసి ఆపాడు. తలుపు తీసుకుని దిగాడు.

"నువ్వు తోలు, నతానియేలూ," అన్నాడు. "నావల్ల కాదు."

వెనక్కి వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. సాతులూరు దాటినా తలెత్తలేదు. కోటేశ్వరి ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"ఊరుకో," అంది. "ఇప్పుడు ఆడతా ఉందిగా ఊపిరి."