రెండక్షరాల గడి

“ఒక్క సంతకమే కదా. పెట్టేస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాడు నూకరాజు, పేపర్లోంచి తలెత్తకుండానే.

నాగకుమారి అతని క్యారేజీలో పెరుగన్నం సర్దుతోంది. ఆవిడ ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో డాక్టరు. యానాం నుంచి వచ్చి పాండిచ్చేరిలోని కదిర్కామంలో కాపురం పెట్టి ఆరేళ్లయింది. పొద్దున ఏడింటికి ఆవిడ చదువు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. “చట్నీలో ఉప్పెక్కువైందే అమ్మాయ్,” అంది వసారాలోంచి అత్తగారు నూకాలమ్మ.

ఆ సంతకం ఆసుపత్రి కంప్యూటరు బాగానే పనిచేస్తోందని ఒప్పుకుంటూ పెట్టాల్సింది. ఎనభై ఏడులో అది వచ్చింది. దాంతోపాటు వచ్చిన ప్రోగ్రాం గోడౌన్లలో సరుకు చూసుకోవడానికి రాసింది. దాన్ని ఎంచిన కమిటీలో ఒక్క డాక్టరూ లేడు. సరుకు రకం నింపే గడిలోనే రక్తం గ్రూపు రాయాలి; అందులో రెండక్షరాలే పడతాయి. ఓ పాజిటివ్, ఏ నెగటివ్ అయితే అక్షరమూ గుర్తూ సరిపోతాయి. ఏబీ అనేసరికి గడి నిండిపోతుంది. ప్లస్సో మైనస్సో రాలిపోతుంది.

దాన్ని మార్చమని నాగకుమారి మూడు ఉత్తరాలు రాసింది. సూపరింటెండెంటు భక్తవత్సలం తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగాయన, చెడ్డవాడు కాదు. “ఏంది మా, మార్చాలంటే ఫైలు మళ్లీ మొదట్నించి పోవాల. నువ్వే కొంచెం అడ్జస్ట్ చేసుకో,” అన్నాడు. చేసుకుంది. రోజూ డ్యూటీ అయ్యాక ఒక గంట కూర్చుని, ప్రతి సీసా వివరమూ నోటుబుక్కులో చేత్తో రాసేది. ఆలస్యంగా ఇంటికొస్తే, “అంతసేపూ ఏం రాచకార్యం?” అనేది అత్తగారు.

పోయిన మంగళవారం నూకరాజు పై అధికారి భోజనానికొచ్చాడు. ప్రోగ్రాం ఎంచిన కమిటీకి పెద్ద ఆయనే. నూకరాజు ప్రమోషనూ ఆయన చేతిలోనే ఉంది. అందుకని ఆవిడ సగం రోజు సెలవు పెట్టి పులుసూ, వేపుళ్లూ చేసింది. వడ్డిస్తుంటే ఆయన, “మీ మిసెస్ చేతిలో అమృతముంది,” అన్నాడు నూకరాజుతో.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఆసుపత్రికి వెళ్లేసరికి టెక్నీషియన్ తాయమ్మాళ్ ఎదురొచ్చింది. ప్రసవమైన అమృతవల్లి అనే అమ్మాయికి రక్తం ఆగడంలేదు. ఏబీ నెగటివ్.

“వార్డుకి ఉందని చెప్పేసినా డాక్టరమ్మా. కంప్యూటరు లిస్టులో ఆరు ఏబీ ఉండాది.”

నాగకుమారి ఫ్రిజ్ తెరిచి ఒక్కో సీసా తిప్పి చూసింది. ఆరూ పాజిటివే. లిస్టును నమ్మి దాతల కోసం ఎవరూ కబురు పెట్టలేదు; గంట గడిచిపోయింది. నోటుబుక్కు తిరగేస్తే, ఎవరికైనా ఎక్కించగల ఓ నెగటివ్ రెండు సీసాలు దొరికాయి. పరీక్షించి, తనే పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది.

అమ్మాయి బతికింది. “చూశావా, ఏమీ కాలేదుగా,” అన్నాడు నూకరాజు ఆ సాయంత్రం.

అప్పట్నుంచి ఆవిడ కాలు నిలవలేదు. కూర తరుగుతూ లేచేది, లేచి ఎందుకు లేచానా అనుకునేది. ఏమీ కాకపోవడం వెనక నా గంటలున్నాయి. నేను రాస్తూపోయాను కనుక ఆ ప్రోగ్రాం పనిచేస్తున్నట్టు కనపడింది. సర్దుకుపోయిన కొద్దీ వాళ్ల తప్పు కనపడకుండా నేనే గోడ కట్టాను. ఈ ఇల్లు మాత్రం? ఇదీ బాగానే నడుస్తోందని కదా అందరూ అంటున్నారు!

ఆ పొద్దున క్యారేజీ సర్దిచ్చి వెళ్లేసరికి భక్తవత్సలం ఆఫీసులో కాగితం సిద్ధంగా ఉంది: ‘ఈ ప్రోగ్రాం మా అవసరాలకు తగినట్టుగా ఉన్నది.’ ఆవిడ ఆ వాక్యాన్ని కొట్టేసింది. కింద మంగళవారం జరిగినదంతా గంటలతో సహా రాసింది. లిస్టు చూసి ఎవరూ రక్తం ఉందని చెప్పకూడదనీ, చేతిరాత రిజిస్టరు డ్యూటీ వేళల్లోనే నడుస్తుందనీ, అందుకు ఇంకో మనిషి కావాలనీ రాసింది. సంతకం పెట్టి, ఒక కాపీ ప్రసూతి వార్డులో అంటించమని తాయమ్మాళ్‌కి ఇచ్చింది.

భక్తవత్సలం రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీశాడు.

“ఏంది మా ఇది? ఇంట్లో సార్‌ని ఒక మాట అడిగి రాసుండకూడదా?”

“బ్లడ్ బ్యాంకు డాక్టర్ని నేను సార్,” అంది నాగకుమారి. “మొదట్నుంచీ అడగాల్సింది నన్ను.”