పెరుగు మానేసిన ఇంటి పెరుగు గిన్నెను

నేను ఒక స్టీలు గిన్నెను. అలాంటిలాంటి గిన్నెను కాను, పెరుగు తోడుపెట్టే గిన్నెను. పప్పు గిన్నెకూ కూర గిన్నెకూ పొయ్యి సెగ తప్పదు. నాకు మాత్రం గోరువెచ్చని పాలు పోసి, కాస్త తోడు వేసి మూత పెడితే, తెల్లవార్లూ కదలకుండా కూర్చోవడమే ఉద్యోగం. ఆ మాత్రం పనికే నాకు బోలెడు గర్వం.

పుట్టింది ఫ్యాక్టరీలో. రేకును అచ్చులో పెట్టి ఒక్క దెబ్బతో గుండ్రంగా వంచి మెరుగు పెట్టారు. కాకినాడలో ఒక తల్లి నన్ను కొని, అంచున 'మంగతాయారు' అని కూతురి పేరు చెక్కించి, కాపురానికి వెళుతున్న ఆ పిల్ల చేతిలో పెట్టింది. మనుషులు గిన్నెలమీద ఎంతో శ్రద్ధగా పేర్లు వేయించుకుంటారు, మళ్ళీ వాటినే ఏ పక్కింట్లోనో మరిచిపోతారు. నేను మాత్రం పోలేదు.

మంగతాయారు భర్త సత్తిరాజు గీజర్లు బాగుచేస్తాడు. ఎన్ని కూరలు తిన్నా చివర్లో పెరుగన్నం పడితే తప్ప ఆయనకు భోంచేసినట్టుండదు. నా అడుగు గీకి మరీ తినేవాడు. అలాంటి మనిషికి అరవయ్యో ఏట గుండె స్కాన్ తీస్తే, రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియం స్కోరు నాలుగు వందలు దాటింది, చాలా ఎక్కువట. మిగతా పరీక్షలు బాగానే ఉన్నాయి కాబట్టి ఇప్పట్లో స్టెంటు అక్కర్లేదనీ, రోజూ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుని, సిగరెట్లు మానేసి, నడవమనీ డాక్టరుగారు చెప్పారట. పేరుకున్నది ఎలాగూ పోదు, కొత్తగా పూడకుండా, ఉన్నది చిట్లకుండా చూసుకోవాలన్నారట. ఇంత చెబితే సత్తిరాజు చెవికెక్కింది కాల్షియం అన్న ఒక్క ముక్కే.

గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు ఎందుకు కడుతుందో ఆయనకు తెలియనిదా? నీళ్ళు మారిస్తే పెచ్చు ఆగుతుంది. ఒంట్లోనూ అంతే అని తేల్చేశాడు. ఇంట్లో పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ బంద్. నాళాలు కడగడానికి పొద్దున్నే నిమ్మరసం. ఇది పెరుగువల్ల వచ్చేది కాదని డాక్టరుగారు ఫోన్లో చెప్పినా, ఆయన ఏనాడైనా గీజరు విప్పాడా అని కొట్టిపారేశాడు. పని లేకుండా కూర్చున్న నన్ను తన రిపేరు దుకాణానికి పట్టుకెళ్ళాడు.

అక్కడ బయటపడింది అసలు సంగతి. నాలో స్క్రూలు వేసుకుంటాడనుకున్నాను. సిగరెట్ బూడిద రాల్చుకున్నాడు! పెరుగు వదిలేసిన త్యాగమూర్తి సిగరెట్టు వదల్లేదు. మాత్రల షీటు సొరుగులో ఒక్కటీ తగ్గకుండా పడివుంది. అప్పుడప్పుడూ సొరుగు తెరిచి, దానివంక చూసి, గుండెమీద చెయ్యి వేసుకుని మళ్ళీ మూసేసేవాడు. ఆయన్ని చూస్తే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఒక మధ్యాహ్నం మంగతాయారు నన్ను వెతుక్కుంటూ దుకాణానికి వచ్చింది. నాలోని సిగరెట్ పీకలు చూసింది. ఆయన గబుక్కున సొరుగుకు అడ్డం నిలబడేసరికి అదీ తెరిచి చూసింది. కేకలు వేస్తుందని కాచుకున్నాను. వేయలేదు.

“కాశీకెళ్ళి ఇష్టమైంది వదిలేసినట్టు పెరుగు వదిలేశారు. మిమ్మల్ని వదలమన్నది అది కాదు కదండీ,” అంది.

సత్తిరాజు చేతిలోని స్క్రూడ్రైవరును చాలాసేపు తుడిచాడు. “ఆ మాత్ర మొదలెడితే గుండెజబ్బు వచ్చేసిందని ఒప్పేసుకున్నట్టే కదా, మంగా. భయమేసింది,” అన్నాడు.

“నాకు లేదనుకున్నారా భయం? రోజూ మీరు ఊపిరి తీసుకుంటున్నారో లేదో చూసుకుంటూ పడుకుంటున్నాను. మీరు గురక పెడుతుంటే తప్ప నాకు నిద్ర పట్టట్లేదు.”

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చారు. నన్ను చింతపండుతో ఒళ్ళు హూనమయ్యేలా తోమారు. ఆ స్కోరు ఇక తగ్గదట, దాంతోనే బతకాలట. ఇప్పుడు సత్తిరాజు పెరుగన్నం తిని, మొహం చిట్లించుకుంటూ మాత్ర వేసుకుంటాడు. పొద్దున్నే నడుస్తాడు. సిగరెట్టు మీదికి మనసు పోయినప్పుడల్లా ఇంట్లో అందరిమీదా విసుక్కుంటాడు, నామీద కూడా.

విసుక్కోనీ. రాత్రిళ్ళు నేను వంటింట్లో మూత కింద పాలు తోడుపెట్టుకుని వింటూ ఉంటాను. ఈమధ్య పడగ్గదిలోంచి రెండు గురకలు వినిపిస్తున్నాయి.