నలభై నిమిషాల పెద్దరికం

మా చెల్లెలు నాకంటే నలభై నిమిషాలు పెద్దది.

నవ్వకండి. మా మఠంలో పుట్టిన తేదీకి విలువ లేదు. పునీత బెనెడిక్టు ఎప్పుడో రాసిపెట్టిన నియమం ప్రకారం ఎవరు ముందు గేటు దాటితే వాళ్ళే పెద్ద. పొద్దున వచ్చినామె మధ్యాహ్నం వచ్చినామెకి అక్క. గుడికి వెళ్ళే వరుస, భోజనాల బల్ల దగ్గర కూర్చునే చోటు, చేతులు కడుక్కునే వంతు, అన్నిటికీ అదే లెక్క.

నిజానికి అది నాకంటే నాలుగేళ్ళు చిన్నది. దాని ముక్కు తుడిచింది నేను, జడ వేసింది నేను, చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను. ఇద్దరం ఒకే రోజు, ఒకే బస్సు దిగి, ఒకే ట్రంకుపెట్టెతో ఇక్కడికి వచ్చాం. బస్టాపులో పెట్టె కొక్కెం ఊడిపోయి బట్టలన్నీ రోడ్డు మీద పడ్డాయి. "నువ్వు పద, గంట కొట్టు. నేను తాడు కట్టి తెస్తా" అన్నాను. అది వెళ్ళింది. గేటు దగ్గర కూర్చునే ముసలామె తన పుస్తకంలో దాని పేరు నాలుగూ పదికి రాసింది, నా పేరు నాలుగూ యాభైకి రాసింది. అప్పటి నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ వరుసలో నడిచినా నా కళ్ళ ముందు దాని వీపే.

మధ్యాహ్నం భోజనం తర్వాత మాకు ఒక గంట మాట్లాడుకునే వీలుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఆ గంటలో ఈ పెట్టె కథ చెప్పేదాన్ని. బట్టలు ఏరుకుంటూ రోడ్డు మీద పరుగెత్తడం నటించి మరీ చూపించేదాన్ని. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. అది పక్కనే కూర్చుని ఏదో కుట్టుకుంటూ వినేది. దానికి గుచ్చుకోవాలనే చెప్పేదాన్ని.

ఈ ఇంట్లో ముందు వచ్చిన వాళ్ళని అక్కా అనాలి, వెనక వచ్చిన వాళ్ళని చెల్లీ అనాలి. నేను దాన్ని అక్కా అన్నాను. అది నన్ను చెల్లీ అంది. ఆరేళ్ళ కిందట అందరూ కలిసి దాన్ని మఠానికి పెద్దగా ఎన్నుకున్నారు, దాంతో అది అమ్మగారు అయిపోయింది. ఒసేయ్ అని పిలిచిన నోటితో అమ్మగారూ అని పిలవాల్సి వచ్చింది. నేను దానికి ఓటు వెయ్యలేదు. వెయ్యలేదని దానికి తెలుసు కూడా.

కోపం వస్తే ప్రార్థన చేసుకోమని చెబుతారు. రోజుకి ఏడుసార్లు గుడికి వెళ్ళి రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడి కీర్తనలు పాడతాం. ఒక చరణం ఈ వరుస, ఇంకో చరణం ఆ వరుస. శత్రువుల పని పట్టమని దేవుణ్ణి బతిమాలే కీర్తనలు కొన్ని ఉన్నాయి. వాటి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు బ్రహ్మాండంగా లేచేది. అది ఎదురుగా కళ్ళు దించుకుని పాడుకునేది.

దానికి దక్కనిది, నాకు మిగిలింది, బొమ్మల గది ఒక్కటే. చెక్క పలక మీద సుద్దా జిగురూ కలిపి ఎనిమిది పూతలు పూసి, అరచేత్తో తడిమితే గుడ్డు పెంకులా తగిలేదాకా రుద్దాలి. రాళ్ళు నూరి రంగు చెయ్యాలి, దాన్ని గుడ్డు సొనలో కలపాలి. రంగుల కంటే ముందు బంగారం. తలల చుట్టూ వచ్చే వెలుగు వలయాలకి ఎర్రమట్టి పూసి, నోటి ఆవిరితో తడిపి, ఊపిరి బిగబట్టి బంగారు రేకు అతికించాలి. ముఖాలు చివర్న వేస్తాం. ఈ పని మఠంలో నాకు తప్ప ఇంకెవరికీ రాదు. రాదని నాకు తెలుసు, తెలుసని అందరికీ తెలిసేలా నడుచుకునేదాన్ని.

ఊళ్ళో ప్రసూతి ఆస్పత్రివాళ్ళు తమ ప్రార్థన గదికి ఒక పటం కావాలన్నారు. గర్భంతో ఉన్న మరియమ్మ, తనలాగే గర్భంతో ఉన్న ముసలి బంధువు ఎలిజబెతమ్మని చూడ్డానికి వెళ్ళిన ఘట్టం. ఈ బొమ్మని ఎవరు వేసినా పెద్దావిడే వంగి చిన్నదానికి నమస్కారం చేస్తున్నట్టు వేస్తారు. చిన్నదాని కడుపులో దేవుడున్నాడు మరి. ఇన్నేళ్ళూ అలాంటి బొమ్మలు చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికే నా ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు. ముఖాలు వెయ్యడం ఇదే ఆఖరుసారి అని నాకు అర్థమైంది. ఆ కన్ను పోయేలోపు ఒక్కచోట, బంగారంలో, పెద్దది పెద్దదానిలా నిటారుగా నిలబడాలి. నాకు కావలసింది అంతే. ఎలిజబెతమ్మని నిలబెట్టి, మరియమ్మ తలని ఆమె చెవి దాకా వంచి బొగ్గుతో గీశాను.

అమ్మగారు వచ్చి చూసింది.

"ఇదేంటి చెల్లీ, చిన్నావిడ వంగుతోంది?"

"వంగితే తప్పేంటి అమ్మగారూ? చిన్నది పెద్దదానికి వంగడం ఎక్కడైనా ఉన్నదే."

"సువార్తలో అలా లేదు."

"పెద్దది వంగినట్టు కూడా లేదు. నేను ఒంటి కన్నుతో అయినా సరే, చదివాను. మీరు రెండు కళ్ళతో చదవండి."

అది "మార్చు" అని వెళ్ళిపోయింది.

నేను మార్చలేదు. రెండు రోజుల్లో బంగారం అతికించేశాను. వలయం ఎక్కడ పడితే తల అక్కడే పెట్టాలి, ఇక దేవుడు దిగొచ్చినా జరపలేడు. మెరుగురాయితో రుద్దుతుంటే ఒంట్లోకి బలం వచ్చినట్టు అనిపించింది.

మూడో రోజు సభ గదిలో అందరి ముందూ అమ్మగారు నియమావళి తెరిచింది. తన పనితనం చూసి మిడిసిపడే వాళ్ళని ఆ పని నుంచి తప్పించాలని అందులో ఒక చోట ఉంది. ఆ ముక్క చదివి, పుస్తకం మూసి, "చెల్లి రేపటి నుంచి వంటింట్లో ఉంటుంది" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాస్త బాగుండేది. పద్దెనిమిది మంది ముందు నా తల కొట్టేసినట్టయింది.

వంటక్కది భారీ శరీరం, భారీ నోరు. "రంగులు కలిపిన చెయ్యి కదా, రొట్టెల పిండి కలుపు" అంది. ఉల్లిపాయలు కోయించింది, గిన్నెలు తోమించింది. నేను ఉల్లిపాయల సాకుతో వారమంతా ఏడ్చాను. పలక మీద రెండు బంగారు వలయాలు ముఖాల్లేకుండా నా కోసం ఎదురు చూస్తున్నాయని తలుచుకుని ఇంకో ఉల్లిపాయ అందుకునేదాన్ని.

శనివారం వచ్చింది. వంటింటి వంతు ముగిసేవాళ్ళు ఆ సాయంత్రం అందరి కాళ్ళూ కడగాలి. అదీ నియమమే. చలికాలం కదా, వంటక్క పెద్ద గిన్నెడు నీళ్ళు కాచి పెట్టింది. అవి అందరికీ వాడదామనుకున్నాను. మొదటి చెంబు మాత్రం పెరట్లో తొట్టి నుంచి ముంచి తెచ్చాను. మొదట కూర్చునేది అమ్మగారు.

మోకాళ్ళ మీద కూర్చుని దాని పాదం పళ్ళెంలో పెట్టి నీళ్ళు పోశాను. కాలు వెనక్కి లాగుతుందేమో అని చూశాను. లాగలేదు. వేళ్ళు ఎర్రబడ్డాయి కానీ కదల్లేదు. మడమ మీద చిన్నప్పుడు గాజుపెంకు గుచ్చుకున్న మచ్చ అలాగే ఉంది. ఆ రోజు దాన్ని వీపున వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది నేనే. అది గుర్తుకొచ్చేసరికి నాకు ఆగలేదు. మాట్లాడకూడని చోట, అందరూ బెంచీల మీద వరుసగా కూర్చుని ఉండగా పైకే అనేశాను.

"ఆ రోజు పెట్టె కట్టడానికి నేను ఆగకపోయుంటే ఈ తువ్వాలు నీ చేతిలో ఉండేది."

అది ముందుకి వంగింది. దాని నోరు నా చెవి దగ్గరికి వచ్చింది.

"పెట్టెకేం కాలేదక్కా" అంది నాకు మాత్రమే వినిపించేలా. "నువ్వు తిరుగు బస్సు ఎక్కావు. గేటు దగ్గర నుంచి చూశాను."

అక్కా అంది. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత.

మీకు కూడా మొదట్లో ఆ పెట్టె కథే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ తాడు ఏ రంగో కూడా నాకు కనిపిస్తుంది. జరిగింది వేరు. ఎదురుగా ఆ గేటు చూడగానే లోపలికి వెళ్ళడం నా వల్ల కాదనిపించింది. దాన్ని ముందు పంపించి, పెట్టెతో సహా వెనక్కి వెళ్ళే బస్సు ఎక్కేశాను. తర్వాతి స్టాపులో దిగాను. పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాను. దారిలో రాయి తీసుకుని నేనే ఆ కొక్కెం ఊడగొట్టాను. లోపలికి వచ్చాక కొక్కెం ఊడిందని చెబితే అది "అయ్యో" అంది. నమ్మిందనుకున్నాను.

నమ్మలేదన్నమాట. ఇన్నేళ్ళూ అది నా పక్కన కూర్చుని, నా నటన చూస్తూ, బట్టలు కుట్టుకుంది. నా గుట్టు దాని చేతిలో ఉండగా ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. మంచితనం అని మీరంటారు. నాకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది. ఆ క్షణంలో దాన్ని ద్వేషించినంతగా ఎప్పుడూ ద్వేషించలేదు. మిగతా కాళ్ళన్నీ ఎలా కడిగానో నాకు తెలియదు.

సోమవారం నన్ను మళ్ళీ బొమ్మల గదికి పంపింది. ఆస్పత్రివాళ్ళు అడుగుతున్నారట, ముఖాలు ఇంకెవరికీ రావట. గుమ్మం దగ్గర నిలబడి తాళం ఇచ్చింది.

"బంగారం గీకేసి మళ్ళీ గీయనా అమ్మగారూ?"

"వద్దు. ఉన్నది ఉన్నట్టు ముఖాలు వెయ్యి."

నేను పలక ముందు కూర్చున్నాను. చిన్నది పెద్దదాని చెవి దగ్గరికి వంగి ఉంది. పంతంతో గీసిన గీత అది. నేను కోరినట్టే నా చెల్లెలు నాకు వంగింది కూడా. అలా వంగుతుందని మాత్రం అనుకోలేదు. పెద్దావిడ ముఖం ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు వెతుక్కోవలసిన అవసరం లేదు. ఐదు రోజుల్లో పూర్తి చేశాను. పనిలో ఉన్నంతసేపూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

పటం తీసుకెళ్ళడానికి ఆస్పత్రి నుంచి పెద్ద నర్సు వచ్చింది. చాలాసేపు చూసింది. "పెద్దావిడ ముఖం భలే కుదిరిందండీ, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంది. చిన్నావిడ చెవిలో ఏం చెబుతోందండీ?" అని అడిగింది.

"నాకేం తెలుసు, నేను పక్కన లేను" అన్నాను. అమ్మగారు అటు తిరిగి తలుపు గొళ్ళెం సరిచేసింది.

ఆ మధ్యాహ్నం మాటల గంటలో అందరం కిటికీ పక్కన ఎండలో కూర్చున్నాం. రెండు నెలల కిందట చేరిన ఒకామె ఉంది, అంతకుముందు బ్యాంకులో పనిచేసింది. "పెట్టె కథ ఏదో మీరు బాగా చెబుతారట కదక్కా, నేను వినలేదు" అంది. వంటక్క అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. "చెప్పవే, ఆ పరుగు కూడా చేసి చూపించు" అంది.

అమ్మగారు ఒక మేజోడు కుడుతోంది. తల ఎత్తలేదు. చెబుతానో లేదో అని కూడా చూడలేదు. నేను చెబితే ఎప్పటిలాగే వింటుంది, ఇంకో ముప్పై ఏళ్ళు అయినా వింటుంది. ఆ సంగతి నాకు భరించరానిదిగా అనిపించింది.

"పెట్టెకేం కాలేదు" అన్నాను. "నేను తిరుగు బస్సు ఎక్కి పారిపోయాను. కొక్కెం తర్వాత నేనే ఊడగొట్టాను."

వంటక్క నవ్వు సగంలో ఆగిపోయింది. బ్యాంకామె పాపం, తప్పు తనదేనేమో అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మరి వెనక్కెందుకొచ్చావే?" అంది వంటక్క. "దేవుడు పిలిచాడా?"

"నన్నెవరూ పిలవలేదు. ఇది ఇక్కడ ఒక్కతే ఉంటుందని గుర్తొచ్చింది. దీనికి చీకటంటే భయం."

అంతకంటే చెప్పేందుకు ఏమీ లేదు. మఠానికి దేవుడి కోసం రావాలి. నేను దాని కోసం వచ్చాను. దాని వెనక నడుస్తూ ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని తిట్టుకుంటూ ఉండిపోయాను. అప్పటిదాకా ఇది దానికి కూడా తెలియదు. దేవుడి కోసమే మనసు మార్చుకున్నానని అనుకుని ఉంటుంది.

అమ్మగారి సూది మేజోడులో దిగకుండా వేలిలో దిగింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని కొంచెంసేపు అలాగే కూర్చుంది, చిన్నప్పటిలాగే. తర్వాత తీసి కొంగుకి తుడుచుకుంది.

"ఇన్నేళ్ళు అందరికీ అబద్ధం చెప్పినందుకు ఇంకో వారం వంటింట్లో" అంది.

"సరే అమ్మగారూ."

గంట కొట్టారు. వరుసలో నిలబడ్డాం. అది ముందు, నేను వెనక. నడుస్తుంటే దాని భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టే నడిచాను.

ఆ వారం శనివారం మొదటి చెంబు వేడినీళ్ళే పట్టాను. పసిపిల్లకి నీళ్ళు పోసే ముందు చూసినట్టు మోచేత్తో ముట్టుకుని చూశాను. కాళ్ళు మాత్రం గట్టిగానే తోమాను.