ఒరేయ్ పోయి గారు వచ్చింది

పేదవాడి కోపం పెదవికి చేటంటారు. మాకు ఆరెకరాల మిరప చేను ఉంది కాబట్టి మా ఆయన అంకమ్మరావు కోపం సామాన్లకి చేటు. కాయ కల్లంలో ఆరబోసి ఉండగా వాన పడుతుందని టీవీలో చెప్పారని రిమోట్ తీసి టీవీ మీదికి విసిరాడు. టీవీ పగిలింది. వాన కూడా పడింది. అన్నం పళ్ళేలు కూడా విసిరేవాడు. ఒక్కటీ నా మీదికి విసరలేదు, నా పక్కనున్న గోడకే విసిరేవాడు. మా బావకి గురి బాగా కుదిరిందని గౌస్ బాషా మెచ్చుకునేవాడు.

బాషాది మా పక్క చేను. రెండు చేలకీ కలిపి గట్టు మీద ఒకటే బోరు. అతను నన్ను చెల్లెమ్మా అంటాడు, ఆ లెక్కన మా ఆయన అతనికి బావ. ఇద్దరూ చిన్నప్పట్నించీ ఒరేయ్ అంటే ఒరేయ్. గట్టుకి అటొకరూ ఇటొకరూ నిలబడి మాట్లాడుకుంటుంటే, కొత్తవాళ్ళు కొట్టుకుంటున్నారనుకుని పరిగెత్తుకొస్తారు. తీరా చూస్తే వాళ్ళు మాట్లాడుకునేది టీ గురించి.

కిందటేడు మా చేనుకి ఆకుముడత వచ్చింది. షాపువాడిచ్చిన మందు కొట్టినా తగ్గలేదు. మా ఆయన వెళ్ళి ఆ షాపులో అద్దాల బల్ల మీద గుద్దాడు. అద్దానికీ ముడతకీ ఏ సంబంధమూ లేదు. చేతికి కుట్లు పడ్డాయి. ఒంగోల్లో కుట్లు వేసిన డాక్టరు బీపీ చూసి, మళ్ళీ చూసి, మిషన్ మార్చి చూసి, పై అంతస్తులో కౌన్సెలింగ్ చేసే మేడం దగ్గరికి పంపాడు.

ఆ మేడానికి మా చిన్నమ్మాయి వయసుంటుంది. అంతా విని, "కోపం వచ్చినప్పుడు మీరు ఎదుటివాళ్ళని ఏమని పిలుస్తారు?" అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు. అవి ఆడపిల్ల ముందు చెప్పే మాటలు కావు. నేనే ఒకటి రెండు చెప్పాను.

ఆమె అవి కాగితం మీద రాసుకుని, "ఇకనుంచి కోపం వస్తే ముందు నెమ్మదిగా ఊపిరి వదలండి. తర్వాత ఎదుటివాళ్ళని మీరు అనండి, గారు అనండి. గారు అన్నాక చెయ్యి లేవడం కష్టం," అంది. బీపీ ఇలాగే ఉంటే తలలో నరం చిట్లుతుందని కూడా అంది. నరం మాట వినేసరికి ఆయన ఒప్పుకున్నాడు.

ఆయన ఒప్పుకుంటే మాటంటే మాటే. బస్సు దిగగానే మొదలుపెట్టాడు. దారికి అడ్డంగా నిలబడ్డ గేదెని, "కొంచెం పక్కకి జరుగుతారా అండీ" అన్నాడు. గేదె జరగలేదు. ఆయనే పక్కనుంచి వచ్చాడు. ఇంటికొచ్చాక బనీను కనబడకపోతే గట్టిగా ఊపిరి వదిలి, "కోటేశ్వరి గారూ, బనీను ఎక్కడ పెట్టారండీ?" అన్నాడు. పాతికేళ్ళకి పైగా నేను ఆయన్ని మీరు, అండీ అంటున్నాను. అటునుంచి ఎదురు రావడం అదే మొదటిసారి. ఎవరైనా చుట్టాలొచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

కొన్నాళ్ళకి మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు చేస్తుందని నాకు తెలిసింది. అంతకుముందు వీధి చివర ఆయన బండి వినబడగానే కూరలో కారం, బిందెలో నీళ్ళు, మంచం మీద దుప్పటి అన్నీ ఒకసారి చూసుకునేదాన్ని. ఇప్పుడు బండి వినబడితే ఆయన వస్తున్నాడనుకునేదాన్ని, అంతే. నాకు చాలా సంతోషంగా ఉండేది. ఈ నెమ్మది ఇలా నిలబడితే చాలు, ఈ ఏడు మిరప రేటు ఎలా ఉన్నా సరేననుకున్నాను. మా ప్రాంతంలో ఇంతకంటే పెద్ద మాట లేదు.

ఒకరోజు మా వంతున బాషా మోటారు వేసుకుని తన చేనుకి నీళ్ళు పెట్టుకుంటున్నాడు. వంతులు తప్పడం, తిట్టుకోవడం ఏటా ఉండేదే. మా ఆయన గట్టెక్కి, ఊపిరి వదిలి, "బాషా గారూ, ఇవాళ వంతు మాదండీ. మీకు ఇబ్బంది లేకపోతే మోటారు ఆపుతారా?" అన్నాడు.

బాషా మోటారు ఆపాడు. పార అక్కడే వదిలేసి, తిన్నగా మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"చెల్లెమ్మా, నేనేం తప్పు చేశానో చెప్పు. బావ నన్ను గారు అన్నాడు."

"డాక్టర్లు చెప్పారన్నయ్యా, కోపం తగ్గడానికి."

"కోపం ఉంటే నాలుగు తిట్టమను. చెప్పుచ్చుకుని కొట్టమను. గారు అనేంత పగేంటి నా మీద? మా నాన్నా, మా బాబాయీ ఎట్టా విడిపోయారనుకున్నావ్? ఒకరోజు పొద్దున్నే బాబాయొచ్చి 'అన్నగారూ, మీరు' అన్నాడు. ఆ తర్వాత సర్వేయరొచ్చాడు. ఆ తర్వాత కోర్టు."

అతను చెప్పింది అబద్ధం కాదు. మా ఊళ్ళో ఒరేయ్ నడిచినంతకాలం చేలకి గట్లు చాలు. గారు మొదలైతే రాళ్ళు పాతుతారు.

ఎంత చెప్పినా బాషా వినలేదు. టీకి రావడం మానేశాడు. ఊరు కూడా అతని వైపే. పెద్దాయన వెంకయ్య వచ్చి, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారుగానీ, అమ్మాయ్, మరీ ఇంత మంచి నోరు ఊరికి పడదు," అన్నాడు. కోతకొచ్చిన ఆడవాళ్ళు, ఈయన తిట్టడం లేదు, వచ్చే ఏడు మమ్మల్ని పిలవడేమోనని బెంగపెట్టుకున్నారు.

చివరికి బాషా భార్య జోహరాబీ వచ్చింది. "మా ఆయన అన్నం దగ్గర సగంలోనే లేస్తున్నాడక్కా. ఒక్కసారి తిట్టమని మీ ఆయనకి చెప్పు. ఒక్క ఒరేయ్ చాలు."

"చెప్పను," అన్నాను.

"ఒక్క తిట్టుకి ఏం పోతుందక్కా? వాళ్ళిద్దరికీ అది ప్రేమేగా."

"మీ ఆయనకి తిరిగి తిట్టే నోరుంది. నాలుగు పడి, నాలుగు అని, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతాడు. మా ఆయన నోరు ఒకసారి తెరుచుకుంటే గట్టు దగ్గర ఆగదు జోహరాబీ. ఇంటిదాకా వస్తుంది."

ఆమె కొంగు సర్దుకుని లేచింది. వాళ్ళింట్లో పళ్ళేలకీ సొట్టలున్నాయి, నేను చూశాను.

రెండో కోత కాయ కల్లంలో ఆరుతోంది. బాషా ట్రాక్టరు వేసుకొచ్చి, దారి వదిలి, తిన్నగా కాయ మీదుగా తోలాడు. తోలుతూ మా ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. మా ఆయన ఊపిరి వదిలాడు. బాషా ట్రాక్టరు వెనక్కి తిప్పి మళ్ళీ తోలాడు. మా ఆయన మళ్ళీ ఊపిరి వదిలాడు. మూడోసారి వదలడానికి లోపల ఊపిరి లేదు.

"ఒరేయ్ బాషాగా! కళ్ళు పోయాయేంట్రా? నీ ట్రాక్టరు తగలెయ్య! దిగరా కిందికి!" అక్కణ్ణించి వచ్చినవి నేను రాయను.

బాషా దిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "అన్నాడు చెల్లెమ్మా! రా అన్నాడు!" అని నాకు చెప్పి, అటు తిరిగి అంతకి రెండింతలు తిట్టాడు. ఇద్దరూ ఒకళ్ళ భుజాలొకళ్ళు పట్టుకుని తిట్టుకున్నారు. కోత ఆడవాళ్ళు నవ్వారు. "ఇప్పుడు బాగుంది," అన్నాడు వెంకయ్య. నేను చితికిన కాయ ఏరుతూ కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటని చెప్పాల్సిన పని కూడా పడలేదు, ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద ఇంటికొచ్చారు. మనిషి కంటే ముందు గొంతు వచ్చింది.

"ఏమే! ఎక్కడ చచ్చావే? కాళ్ళకి నీళ్ళు పెట్టడానికి ఇంకెంతసేపే?"

కూరలో కారం, బిందెలో నీళ్ళు గుర్తొచ్చాయి. ఈసారి ఒక్కటీ చూసుకోకుండా బయటికి నడిచాను.

"వస్తున్నా, ఆగరా," అన్నాను. "ఎందుకంత అరుస్తావ్?"

బాషా తన చెప్పులకేసి చూసుకున్నాడు.

"రా అంటే ప్రేమన్నారుగా ఊరంతా," అన్నాను. "అతను నిన్ను రా అంటాడు, నువ్వతన్ని రా అంటావు. బాగానే ఉంది. నా సంగతి ఇవాళ తేల్చు. ఒరేయ్ అంటే ఇద్దరం ఒరేయ్. గారు అంటే ఇద్దరం గారు. నువ్వు ఏమే అంటే నేను అండీ అనడం ఇక నా వల్ల కాదు."

"చెల్లెమ్మా..." అన్నాడు బాషా.

"నువ్వు ఇంటికెళ్ళన్నయ్యా. మీ ఇంట్లోనూ ఒకావిడుంది."

వెళ్ళాడు. బండి మా ఆయనది కాబట్టి నడిచే వెళ్ళాడు. మా ఆయన తొట్టి దగ్గరికెళ్ళి తనే నీళ్ళు తోడుకుని చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. అంతసేపు కడగాల్సినంత మట్టేమీ లేదు.

ఆ మౌనం మేడం నేర్పిందో, పళ్ళెం విసిరే ముందు వచ్చేదో నాకు తెలియలేదు. తెలియకుండా ఆ ఇంట్లో ఉండటం నా వల్ల కాదు. అందుకని పప్పులో ఉప్పు వేయకుండానే వడ్డించాను. వడ్డించి గోడకి దూరంగా నిలబడ్డాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నా వైపు చూశాడు. మెడ మీద నరం లేచింది. ఎడమ చెయ్యి పళ్ళెం అంచు పట్టుకుంది. నేను కదల్లేదు. ఆయన ఊపిరి వదిలాడు. ఇంకోసారి వదిలాడు.

"కోటేశ్వరి గారూ, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందండీ?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఆ సంగతి తెలుసుకునే అవసరం రాలేదు. "పొయ్యి పక్కన, పై అరలోనండీ," అన్నాను. లేచి వెళ్ళి, డబ్బా తెచ్చుకుని కూర్చుని, మూత తీశాడు.

"అది పంచదారండీ," అన్నాను.

ఆయన మళ్ళీ లేచాడు.