సగటు మాత్ర

కంపాలా మందుల పరీక్షశాలలో పనిచేసే నల్వోగాకు పొద్దున్నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. మసాకాలో ఉండే చెల్లెలు నబ్బోసా, గర్భం రాకుండా మాత్రలు మింగుతూనే మళ్ళీ నెల తప్పింది. "మరిచిపోయుంటావు" అని నర్సు నలుగురిలో పరువు తీసింది. కావాలనే మానేసిందని మొగుడు మాట్లాడడం మానేశాడు. అబద్ధమాడినందుకు ఈ సాయంత్రం పెద్దల ఎదుట అత్తగారికి మోకరిల్లి క్షమాపణ చెప్పుకోవాలట, లేకపోతే పుట్టింటికి పొమ్మన్నారు.

ఆ మాత్రలు ఇక్కడ పరీక్షలో నెగ్గినవే. గుప్పెడు మాత్రలు కల్వంలో నూరి, ఆ పొడిలో చిటికెడు యంత్రానికిస్తారు. మాత్రలో ఉండేవి రెండు హార్మోన్లు. యంత్రం తెర మీద గీత, హార్మోనుకొకటి చొప్పున, రెండు కొండలుగా సరైన ఎత్తుకు లేస్తే మందు మంచిదే.

ఈసారి నల్వోగా నూరలేదు. అదే సరుకులోంచి ఒక్కో మాత్రనూ విడిగా కరిగించింది. మొదటిదానికి కొండలు తెర దాటిపోయాయి. రెండోదానికి, గర్భాన్ని ఆపాల్సిన హార్మోన్ చీమలపుట్టంత కూడా లేవలేదు. మూడోదీ అంతే. మందును సమంగా కలిపే పని ఫ్యాక్టరీవాడు ఎగ్గొడితే, దాన్ని ఇక్కడి కల్వం చేసిపెడుతోంది.

"సగటు సరిపోయింది కదమ్మా, ఎందుకీ రాద్ధాంతం?" అన్నాడు పై అధికారి సెబున్యా.

"ఒక కూరలో ఉప్పు లేకుండా, ఇంకోదాంట్లో దోసెడు పోసి, సగటున సరిపోయిందంటే మీరు తింటారా సార్?"

"మీ చెల్లి మరిచిపోయే ఉంటుందిలే."

"మా చెల్లి సగటు మాత్ర మింగలేదు. రోజుకొకటి మింగింది."

"ఈ సరుకు ఆపేస్తే క్లినిక్కుల్లో మాత్రలే ఉండవు, తెలుసా?"

"ఇప్పుడున్నాయా సార్?"

సెబున్యా కాగితం ముందుకు లాక్కున్నాడు. పంపిణీ ఆపమని సంతకం చేశాడు గానీ, అయ్యో అన్న మాట ఆయన నోట రాలేదు.

నల్వోగా వెంటనే ఫోను చేసింది.

"తర్వాత మాట్లాడతానక్కా, పెద్దలొచ్చారు, మోకాళ్ళ మీదున్నాను" గుసగుసగా అంది నబ్బోసా.

"తప్పు నీది కాదే, మాత్రది. ఫోను మీ అత్తగారికివ్వు."

అక్కడి ఆచారం ప్రకారం, చెల్లెలి అత్తగారు ఫోనులో పలికినా సరే, ఆడపిల్ల మోకరిల్లే పలకరించాలి. అలవాటుగా నల్వోగా మోకాళ్ళు వంగబోయాయి. ఆమె బల్ల పట్టుకుని వాటిని వంగనివ్వలేదు.

"అమ్మా, నిలబడే చెప్తున్నాను. ముందు మా చెల్లిని లేపండి, తర్వాత వినండి."